పిల్లలకు గుండె ఆపరేషన్ సక్సెస్.. మరి ఆ చిన్ని మనసు సంగతేంటి? ఇంటికొచ్చాక తల్లిదండ్రులు గమనించాల్సినవి ఇవే!

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్లు డిశ్చార్జ్ చేశారు. ఇంటికి రాగానే అమ్మమ్మ గుమ్మంలోనే దిష్టి తీసి లోపలికి తీసుకెళ్లింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. కానీ వారం తిరగకుండానే కొత్త సమస్య మొదలైంది. రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు.. అమ్మ వంటింట్లోకి వెళ్లినా కొంగు పట్టుకుని వెంటే తిరగడం.. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలు.. మందుల షాపు కనిపిస్తే చాలు వణుకు.

గుండె ఆపరేషన్ చేయించుకున్న పిల్లలున్న చాలా ఇళ్లలో ఇలాంటివి కనిపిస్తుంటాయి. "గుండె బాగైపోయింది కదా.. మరి వీడెందుకిలా తయారయ్యాడు?" అని తల్లిదండ్రులు తలపట్టుకుంటారు. కొందరు మొండితనం అనుకుని కసురుకుంటారు. కొందరు జడుసుకున్నాడని తాయెత్తు కట్టిస్తారు. ఇంకొందరు పాపం అనిపించి, అడిగిందల్లా చేతిలో పెట్టేస్తారు.

అసలు విషయం ఏంటంటే.. గుండెకు పడిన కుట్లు మానడానికి టైమ్ పట్టినట్టే, ఆ పిల్లల మనసు కుదుటపడటానికీ టైమ్ పడుతుంది. ఇందులో డాక్టర్లు చేయాల్సింది కొంతే. చాలా భాగం అమ్మానాన్నల చేతుల్లోనే ఉంది. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎంతమంది పిల్లలకు ఈ సమస్య?

పుట్టుకతోనే గుండె నిర్మాణంలో లోపం ఉండటాన్ని కంజెనిటల్ హార్ట్ డిసీజ్ అంటారు. పుట్టే ప్రతి 1000 మంది శిశువుల్లో దాదాపు 8 నుంచి 9 మందిలో ఇది కనిపిస్తుంది. మన దేశంలో ఏటా 2 లక్షలకు పైగా పిల్లలు ఇలా పుడుతున్నారని అంచనా. అందరికీ ఆపరేషన్ అవసరం ఉండదు. చిన్న రంధ్రాలు కొన్ని వాటంతట అవే మూసుకుపోతాయి. కానీ ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ లాంటి చికిత్స అవసరమవుతుందని చెబుతారు.

ఒకప్పుడు గుండెలో చిల్లు అనగానే పేద కుటుంబాలు ఆశ వదిలేసుకునేవి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆ పరిస్థితి చాలావరకు మారింది. తిరుపతిలో టీటీడీ 2021లో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభించింది. ఊళ్లలో అంగన్‌వాడీలు, బడులకు వెళ్లి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే, 2013 నుంచి నడుస్తోంది.

ఇలా బతికి బట్టకడుతున్న పిల్లల సంఖ్య పెరిగింది. అది చాలా మంచి విషయం. అందుకే ఇప్పుడు రెండో ప్రశ్న ముందుకొచ్చింది. బతికిన బిడ్డ హాయిగా, అందరిలో ఒకడిగా పెరుగుతున్నాడా లేదా?

ఐసీయూలో ఏం జరిగిందో పిల్లల వైపు నుంచి చూస్తే..

మనకు తెలుసు, ఆపరేషన్ ప్రాణం కాపాడటానికని. మూడేళ్ల పిల్లాడికి ఆ సంగతి తెలియదు. వాడి లెక్కలో జరిగింది ఇది. అమ్మ ఎవరికో ఇచ్చేసింది. కళ్లు తెరిచేసరికి అమ్మ లేదు. గొంతులో గొట్టం, అరుద్దామంటే గొంతు రాదు. చేతికి సూదులు, ఛాతీకి పైపులు. పగలూ రాత్రీ తేడా లేకుండా లైట్లు, బీప్ బీప్ మంటూ మెషీన్లు. మాస్కుల వెనక ముఖాలు. ఎవరు దగ్గరికొచ్చినా నొప్పే.

దీనికితోడు మత్తు మందులు, నిద్రలేమి వల్ల ఐసీయూలో కొందరు పిల్లలకు తాత్కాలికంగా అయోమయం వస్తుంది. ఎదురుగా ఉన్న అమ్మను కూడా గుర్తుపట్టనట్టు చూడటం, లేనివి ఉన్నట్టు భయపడటం కనిపిస్తుంది. రోజుల తరబడి మత్తు మందుల మీద ఉన్నవాళ్లకు వాటిని తగ్గించే సమయంలో చిరాకు, వణుకు, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. ఇవి చికిత్సలో డాక్టర్లు ఎదురుచూసేవే. కానీ ముందుగా ఎవరూ చెప్పకపోతే తల్లిదండ్రులు హడలిపోతారు.

తల్లి దూరమైతే ఆసుపత్రిలో బిడ్డ మనసు ఎలా విలవిల్లాడుతుందో 1952లోనే బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక డాక్యుమెంటరీలో చూపించారు. చిన్న ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప కథ అది. అప్పట్లో అక్కడి ఆసుపత్రుల్లో తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి కూడా గట్టి ఆంక్షలు ఉండేవి. 1959లో వచ్చిన ప్లాట్ కమిటీ నివేదిక వాటిని సడలించాలని సిఫార్సు చేసింది. ఇవాళ పిల్లల వార్డుల్లో తల్లిని పక్కనే ఉండనిస్తున్నారంటే ఇలాంటి పోరాటాలే కారణం.

ఏ వయసులో ఎలా కనిపిస్తుంది?

భయం అందరు పిల్లల్లో ఒకేలా బయటపడదు. వయసును బట్టి మారుతుంది.

ఏడాది లోపు పిల్లలు: పాలు సరిగా తాగరు. ఎత్తుకోకపోతే ఊరుకోరు. ఎక్కువ రోజులు ముక్కు గొట్టం ద్వారా పాలు పట్టినవాళ్లు నోటి దగ్గరికి ఏది తెచ్చినా తల తిప్పేస్తారు. వాళ్లకు నోరు అంటే గొట్టాలు, నొప్పి అన్న జ్ఞాపకం పడిపోయి ఉంటుంది.

1 నుంచి 3 ఏళ్లు: అమ్మను వదలరు. వచ్చిన మాటలు కొన్ని మానేస్తారు. నేలమీద పడి దొర్లి ఏడుస్తారు. కొత్తవాళ్లను చూస్తే దాక్కుంటారు.

3 నుంచి 6 ఏళ్లు: ఈ వయసు పిల్లలకు ఒక వింత ఆలోచన ఉంటుంది. తాము అల్లరి చేసినందుకే ఆసుపత్రిలో పడేశారని గట్టిగా నమ్ముతారు. అది శిక్ష అనుకుంటారు. పైకి చెప్పరు. పీడకలలు, పక్క తడపడం, అతిగా బుద్ధిమంతుల్లా ఉండటం.. ఇలా బయటపడుతుంది.

6 నుంచి 12 ఏళ్లు: "నా గుండె ఆగిపోతుందా?" "మళ్లీ కోస్తారా?" లాంటి ప్రశ్నలు మొదలవుతాయి. కొందరు అడగకుండా లోపలే దాచుకుంటారు. కడుపునొప్పి, తలనొప్పి అంటూ బడి ఎగ్గొడతారు.

టీనేజీ: మచ్చ కనిపిస్తుందని సిగ్గు, స్నేహితుల్లో కలవలేకపోవడం, మందులు వేసుకోకుండా దాచేయడం, "నన్నెవరూ పట్టించుకోవద్దు" అని గదిలో కూర్చోవడం.

మంచి విషయం ఏంటంటే.. చాలామంది పిల్లల్లో ఈ మార్పులు కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఇల్లు మళ్లీ ఇల్లులా ఉందని, అమ్మ ఎక్కడికీ పోదని నమ్మకం కుదిరాక పిల్లలు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు.

ఆగండి.. ముందు ఒంట్లో బాగుందో లేదో చూడండి!

ఇది చాలా ముఖ్యం. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో బిడ్డ చిరాకుగా ఉంటే అది మనసుకు సంబంధించిందే అని తీర్మానించేయొద్దు. కొందరిలో గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు చేరుతుంది. అప్పుడు జ్వరం, ఛాతీ నొప్పి, ఆకలి లేకపోవడం, విపరీతమైన చిరాకు వస్తాయి. మాటలు రాని పిల్లలు ఏడుపుతోనే చెబుతారు.

జ్వరం, ఆయాసం, పాలు తాగుతుంటే చెమటలు, పెదవులు నీలంగా మారడం, కుట్ల దగ్గర ఎర్రబడటం లేదా చీము, మగతగా పడి ఉండటం, స్పృహ తప్పడం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్ చూసి ఒంట్లో అంతా బాగుందని చెప్పాక మనసు సంగతి ఆలోచించాలి.

"ఏడిస్తే గుండెకు ఏమైనా అవుతుందా?"

తల్లిదండ్రులను ఎక్కువగా వేధించే ప్రశ్న ఇదే. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. దాని వెనక కారణం ఉంది.

ఫాలో టెట్రాలజీ అనే లోపం ఉన్న పిల్లలు ఆపరేషన్‌కు ముందు గట్టిగా ఏడిస్తే ఒళ్లంతా నీలంగా మారిపోయే ప్రమాదం ఉంటుంది. ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం ఒక్కసారిగా తగ్గిపోవడమే దానికి కారణం. కాస్త పెద్ద పిల్లలైతే ఆయాసం వచ్చినప్పుడు గొంతుక్కూర్చుంటారు. అందుకే డాక్టర్లే "ఎక్కువ ఏడవనివ్వకండి" అని చెబుతారు. నెలల తరబడి ఆ ఇంట్లో అందరూ ఆ మాట ప్రకారమే నడుచుకుంటారు. బిడ్డ నోరు తెరిచేలోపే అడిగింది చేతిలో పెడతారు.

పూర్తి స్థాయి ఆపరేషన్ అయ్యాక ఆ ప్రమాదానికి కారణమైన అడ్డంకిని తొలగిస్తారు. రంధ్రం మూసేస్తారు. బిడ్డ ఏడ్చినా ఇదివరకటిలా నీలంగా మారే పరిస్థితి ఉండదు. కానీ ఇంట్లోవాళ్ల భయం మాత్రం అలాగే ఉండిపోతుంది. బిడ్డకూ ఒక సంగతి అర్థమైపోయి ఉంటుంది. ఏడిస్తే చాలు, ఇల్లంతా పరుగులు పెడుతుంది!

అయితే ఒక జాగ్రత్త. కొందరికి ఆపరేషన్ దశలవారీగా చేస్తారు. మొదటి దశ మాత్రమే అయినవాళ్ల విషయం వేరు. కాబట్టి డిశ్చార్జ్ రోజే డాక్టర్‌ను సూటిగా అడగండి. "సార్, మా బాబు ఏడిస్తే ఇప్పుడు ఏమైనా ఇబ్బంది ఉందా? మామూలు పిల్లల్లాగే చూడొచ్చా?" ఆ సమాధానాన్ని ఇంట్లో తాతయ్యకు, నానమ్మకు కూడా వినిపించండి. వీలైతే కాగితం మీద రాయించుకోండి.

గారాబం ఎక్కువైతే ఏమవుతుంది?

చావు అంచుల దాకా వెళ్లొచ్చిన బిడ్డను కాదనడానికి ఏ తల్లికీ మనసు రాదు. కానీ ఆ ప్రేమే ఒక్కోసారి బిడ్డకు ఇబ్బంది తెచ్చిపెడుతుంది. 1964లోనే మోరిస్ గ్రీన్, ఆల్బర్ట్ సాల్నిట్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు దీన్ని గమనించి రాశారు. ప్రాణాపాయం నుంచి బయటపడిన బిడ్డ పూర్తిగా కోలుకున్నాక కూడా, ఆ బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతోనే తల్లిదండ్రులు పెంచుతారని, దాంతో ఆ పిల్లలు అమ్మను వదిలి ఉండలేకపోవడం, మాట వినకపోవడం, చదువులో వెనకబడటం కనిపిస్తుందని చెప్పారు. దీనికి వల్నరబుల్ చైల్డ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

ఇంట్లో ఇది ఎలా ఉంటుందంటే.. అక్క హోంవర్క్ చేయకపోతే తిడతారు, తమ్ముడు చేయకపోతే "వాడికి ఆపరేషన్ అయింది, వదిలేయ్" అంటారు. వాడు కొట్టినా అక్కే ఓర్చుకోవాలి. వీధిలో ఆడనివ్వరు. బదులుగా చేతికి సెల్‌ఫోన్ ఇస్తారు. చుట్టాలు వస్తే వాడి ముందే మొత్తం కథ చెప్పి కళ్లు తుడుచుకుంటారు. ఇవన్నీ చూసిన పిల్లాడికి అర్థమయ్యేది ఒకటే. "నేను మామూలు పిల్లాడిని కాదు. నాకు ఎప్పుడైనా ఏదైనా కావచ్చు."

కాబట్టి ఆపరేషన్ గాయం మానాక, డాక్టర్ సరేనన్నాక.. ఇంట్లో అందరికీ ఒకటే రూల్ పెట్టండి. నిద్ర టైమ్, అన్నం టైమ్, చదువు టైమ్ అందరికీ ఒకటే. తప్పు చేస్తే తప్పని చెప్పండి. కొట్టాల్సిన పనిలేదు, అరవాల్సిన పనిలేదు. వద్దంటే వద్దు అన్న మాట మీద నిలబడితే చాలు. రూల్స్ ఉన్న ఇంట్లోనే పిల్లలకు ధైర్యం ఎక్కువ. అమ్మ నన్ను మళ్లీ కసురుకుంటోంది అంటే, నాకేం కాలేదన్నమాట అని వాళ్లకే అర్థమవుతుంది!

ఇంట్లో మీరు చేయగలిగినవి..

నిజం చెప్పండి: "ఊరికే ఫొటో తీస్తారు, నొప్పి ఉండదు" అని అబద్ధం చెప్పి తీసుకెళ్తే, తర్వాత మీ మాట నమ్మరు. "చిన్న సూది వేస్తారు కన్నా. చీమ కుట్టినట్టు ఉంటుంది. నేను చెయ్యి పట్టుకునే ఉంటా" అని చెప్పండి. చెకప్ విషయం చిన్న పిల్లలకు ఒకటి రెండు రోజుల ముందు, పెద్ద పిల్లలకు ఇంకాస్త ముందుగా చెబితే మేలు.

"ఇది నీ తప్పు కాదు" అని చెప్పండి: అల్లరి చేసినందుకు ఆపరేషన్ జరగలేదని, పుట్టినప్పుడే గుండెలో చిన్న రిపేర్ ఉండిందని, డాక్టర్లు బాగు చేశారని చెప్పండి. ఒకసారి చెబితే సరిపోదు. అడిగిన ప్రతిసారీ చెప్పాలి.

సూది పేరుతో బెదిరించొద్దు: "అన్నం తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా, సూది వేయిస్తా" అనేది మన ఇళ్లలో మామూలు మాట. ఈ పిల్లల దగ్గర మాత్రం పొరపాటున కూడా అనొద్దు. వాళ్లకు అది ఉత్త బెదిరింపు కాదు. ఒంటి మీద పడిన అనుభవం.

డాక్టర్ ఆట ఆడనివ్వండి: బొమ్మకు కట్టు కట్టడం, సూది లేని ప్లాస్టిక్ సిరంజితో మందు వేయడం, ఆట స్టెతస్కోప్‌తో మీ గుండె చూడటం.. ఇవన్నీ పిల్లలు తమ భయాన్ని బయటపెట్టుకునే దారులు. బొమ్మను గట్టిగా పొడిచినా తిట్టకండి. "బొమ్మకు నొప్పిగా ఉందా? ఏం చేద్దాం?" అని అడగండి. ఏం చెబుతారో వినండి.

రాత్రి భయాలకు: కొన్నాళ్లు పక్కనే పడుకోబెట్టుకోండి, చిన్న లైట్ వేసి ఉంచండి. పక్క తడిపితే దుప్పటి మార్చేయండి, అంతే. చుట్టాల ముందు వెక్కిరించొద్దు. భయం తగ్గుతున్న కొద్దీ మెల్లగా పాత అలవాటుకు తీసుకురండి.

ఎత్తుకునేటప్పుడు జాగ్రత్త: ఛాతీ మధ్య ఎముకను కోసి ఆపరేషన్ చేసి ఉంటే అది అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. అప్పటిదాకా చంకల కింద పట్టుకుని లేపొద్దు. ఒక చెయ్యి మెడ, భుజాల కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తుకోవాలి. ఎత్తుకోవడానికి భయపడి దూరం పెట్టకండి. ఈ టైమ్‌లో వాళ్లకు ఒడి చాలా అవసరం.

తోబుట్టువులను మర్చిపోవద్దు: ఆపరేషన్ అన్ని రోజులూ అక్కో తమ్ముడో ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండిపోయి ఉంటారు. అమ్మ నన్ను వదిలేసిందన్న బాధ వాళ్లకూ ఉంటుంది. రోజుకు ఓ పావుగంట వాళ్లకోసమే కేటాయించండి.

బడిలో ఏం జరుగుతుంది?

పుట్టుకతో గుండె లోపం తీవ్రంగా ఉన్న పిల్లల్లో కొందరికి చదువులో, ఏకాగ్రతలో ఇబ్బందులు వస్తాయి. కడుపులో ఉన్నప్పటి నుంచే మెదడుకు అందే రక్తం, ఆక్సిజన్‌లో తేడాలు ఉండటం దీనికి ఒక కారణం. దానికి ఆపరేషన్, ఐసీయూ రోజులు తోడవుతాయి.

అమెరికాలోని బోస్టన్‌లో దీనిపై సుదీర్ఘ అధ్యయనం జరిగింది. గుండె నుంచి బయటికొచ్చే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారై పుట్టిన పిల్లలు వాళ్లు. 1988 నుంచి 1992 మధ్య పసికందులుగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేశారు. 16 ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. తెలివితేటల పరీక్షల్లో చాలామంది మామూలు పరిధిలోనే ఉన్నారు. కానీ దాదాపు మూడింట రెండొంతుల మందికి ఏదో ఒక దశలో చదువులో అదనపు సాయమో, మానసిక నిపుణుల సాయమో అవసరమైంది. ఏకాగ్రత లోపించే ఏడీహెచ్‌డీ సమస్య ఇతర పిల్లల్లో 7 శాతం మందిలో కనిపిస్తే, వీళ్లలో 19 శాతం మందిలో కనిపించింది.

దీన్ని చూసి కంగారు పడాల్సిన పనిలేదు. చిన్న రంధ్రం మూయించుకున్న పిల్లల్లో ఇంత ముప్పు ఉండదు. కానీ తీవ్రమైన లోపంతో పసితనంలోనే పెద్ద ఆపరేషన్ అయిన పిల్లల విషయంలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే ఒక సూచన చేసింది. 1-2 ఏళ్ల మధ్య ఒకసారి, 3-5 ఏళ్ల మధ్య ఒకసారి, 11-12 ఏళ్లకు ఒకసారి ఎదుగుదల, ప్రవర్తన, నేర్చుకునే శక్తిని పరీక్షించాలని చెప్పింది. ముందే తెలిస్తే ముందే సాయం చేయొచ్చు. తెలియకపోతే ఏమవుతుంది? ఆ పిల్లాడు క్లాసులో మొద్దు అనిపించుకుంటాడు. ఇంట్లో సోమరి అనిపించుకుంటాడు. తప్పు వాడిది కాదని ఎవరికీ తెలియదు.

బడిలో చేర్చేటప్పుడు టీచర్‌కు విషయం చెప్పండి. దాచకండి. అయితే క్లాసంతా వినేలా హార్ట్ పేషెంట్ అని ముద్ర వేయొద్దని కూడా చెప్పండి. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, ఒకేసారి నాలుగు పనులు కాకుండా ఒక్కొక్కటిగా చెప్పడం లాంటి చిన్న మార్పులు చాలా ఉపయోగపడతాయి.

ఆటల సంగతికొస్తే.. ఆపరేషన్ బాగా జరిగిన చాలామంది పిల్లలు ఆడుకోవచ్చు, పరుగెత్తొచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దెబ్బలు తగిలే ఆటలకు దూరంగా ఉండాలి. ఏది ఆడొచ్చో, ఏది వద్దో కార్డియాలజిస్ట్‌తో రాయించి పీఈటీ సార్‌కు ఇవ్వండి. ఆ కాగితం లేకపోతే భయంతో వాళ్లు బిడ్డను గ్రౌండ్ పక్కన కూర్చోబెట్టేస్తారు. ఏడాది పొడవునా అలా కూర్చున్న పిల్లాడికి స్నేహితులు ఎక్కడి నుంచి వస్తారు?

మచ్చ, పెళ్లి, రహస్యం..

ఇది మన దగ్గర ప్రత్యేకంగా మాట్లాడుకోవాల్సిన విషయం. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో.

"రేపు పెళ్లి కావాలి. ఎవరికీ తెలియకూడదు" అని చాలా కుటుంబాలు ఆపరేషన్ సంగతి దాచేస్తాయి. ఊళ్లో చెప్పరు, బడిలో చెప్పరు. కొన్ని ఇళ్లలో ఆ అమ్మాయికి కూడా పూర్తిగా చెప్పరు. ఛాతీ మీద ఆ గీత ఏంటని అడిగితే "చిన్నప్పుడు ఏదో అయింది లే" అని మాట దాటేస్తారు. దాంతో రెండు నష్టాలు.

ఒకటి, తనలో ఏదో సిగ్గుపడాల్సిన లోపం ఉందని ఆ అమ్మాయి నమ్ముతుంది. రెండోది ఇంకా ప్రమాదం. కొన్ని రకాల ఆపరేషన్ల తర్వాత జీవితాంతం చెకప్‌లు అవసరం. పంటి చికిత్సకు ముందు కొందరికి యాంటీబయాటిక్ కావాలి. గర్భం దాల్చే ముందు కార్డియాలజిస్ట్ సలహా తప్పనిసరి. తనకేం ఆపరేషన్ అయిందో తెలియని అమ్మాయి ఇవన్నీ డాక్టర్‌కు ఎలా చెబుతుంది?

అందుకే పదేళ్లు దాటినప్పటి నుంచి మెల్లగా చెప్పడం మొదలుపెట్టండి. లోపం పేరేంటి, ఏ ఏడాది ఆపరేషన్ అయింది, ఏ మందులు వాడుతున్నారు.. ఇవి ఆ పిల్లలకు నోటికి రావాలి. చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టర్‌తో వాళ్లనే మాట్లాడనివ్వండి. మచ్చను దాచుకోవాలో, చూపించాలో వాళ్ల ఇష్టానికే వదిలేయండి. "ఇది నువ్వు గెలిచిన గుర్తు" అని మీరు సిగ్గుపడకుండా చెప్పగలిగితే, వాళ్లూ సిగ్గుపడరు.

మరి అమ్మానాన్నల మనసు?

ఆపరేషన్ థియేటర్ బయట గంటల తరబడి కూర్చున్నది మీరు. అప్పులు తెచ్చింది మీరు. ఐసీయూ అద్దంలోంచి బిడ్డను చూసి బయటికొచ్చి ఏడ్చింది మీరు. ఇంటికొచ్చాక కూడా రాత్రిళ్లు లేచి బిడ్డ ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటే.. ఆశ్చర్యపోకండి. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి ఆందోళన, దిగులు, నిద్రలేమి ఉంటాయి.

"గర్భంలో ఉన్నప్పుడు నువ్వేం తిన్నావో, ఏం చేశావో" అని తల్లిని నిందించడం కూడా మన దగ్గర తక్కువేం కాదు. ఎక్కువ కేసుల్లో గుండె లోపానికి ఫలానాదే కారణమని చెప్పలేరు. తల్లిని దోషిని చేస్తే ఎవరికీ మేలు జరగదు. నాన్నలు కూడా పనిలో పడి లోపల కుమిలిపోకుండా భార్యతో మాట్లాడాలి. అమ్మ ముఖం చూసే బిడ్డ ధైర్యం తెచ్చుకుంటుంది. అందుకే మీ మనసు బాగుండటం కూడా బిడ్డ చికిత్సలో భాగమే.

ఎప్పుడు నిపుణుల దగ్గరికి వెళ్లాలి?

నెల రోజులు దాటినా మార్పు లేకపోతే, లేదా రోజురోజుకూ పెరుగుతుంటే ఆలస్యం చేయొద్దు. ముఖ్యంగా ఇవి గమనించండి.

• రోజూ పీడకలలు, నిద్రపోవాలంటేనే భయం

• ఆసుపత్రి పేరు చెబితే వాంతులు, వణుకు. చెకప్‌కు తీసుకెళ్లడమే కష్టమవడం

• వచ్చిన మాటలు, నడక, చదువు వెనక్కి పోవడం

• ఆటలు, స్నేహితులు, ఇష్టమైన తిండి మీద కూడా ఆసక్తి లేకపోవడం

• మందులు వేసుకోనని మొండికేయడం లేదా దాచేయడం

• "నేను ఉండి ఏం లాభం", "చచ్చిపోతా" లాంటి మాటలు, తమను తాము గాయపరచుకోవడం. ఇలాంటివి వింటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. బిడ్డను ఒంటరిగా వదలొద్దు

ముందుగా మీ పిల్లల కార్డియాలజిస్ట్‌కే చెప్పండి. చెకప్‌లో ఎకో రిపోర్ట్ గురించి మాట్లాడాక "డాక్టర్ గారూ, మా పాప సరిగా నిద్రపోవడం లేదు, ఊరికే భయపడుతోంది" అని మీరే కదపాలి. మీరు అడగకపోతే ఆ రద్దీలో ఆ ప్రశ్న రాకపోవచ్చు.

ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా స్థాయిలో డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు ఉన్నాయి. వీటినే డీఈఐసీ అంటారు. ఎదుగుదల, మాట, ప్రవర్తన సమస్యలున్న పిల్లలకు 18 ఏళ్ల వరకు అక్కడ ఉచితంగా చూస్తారు. మీ అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు.

ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలి మానస్ ఉంది. నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఈ సర్వీస్ ఉచితం. 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లల గురించే కాదు, మీ దిగులు గురించి కూడా చెప్పుకోవచ్చు. కౌన్సెలింగ్ అనగానే "మా వాడికేమైనా పిచ్చా?" అనుకోవద్దు. గుండె కోసం ఇంత దూరం వచ్చినవాళ్లు, మనసు కోసం ఇంకో అడుగు వేయడానికి సంకోచం ఎందుకు?

చివరగా ఒక్క మాట..

డిశ్చార్జ్ రోజు మీ చేతికి మందుల చీటీ ఇస్తారు. తర్వాతి చెకప్ తేదీ రాస్తారు. బిడ్డ మనసుకు ఏం చేయాలో మాత్రం ఆ చీటీలో ఉండకపోవచ్చు. అది గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. నిజం చెప్పండి, దగ్గర ఉండండి, మామూలుగా పెంచండి, తేడా కనిపిస్తే అడగండి. వాడు మళ్లీ అక్కతో కొట్లాడి, మీతో తిట్లు తిని, ఐదు నిమిషాల్లో మర్చిపోయి వీధిలోకి పరుగెత్తిన రోజున.. ఆపరేషన్ నిజంగా పూర్తయినట్టు!

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఒక్కో బిడ్డ పరిస్థితి ఒక్కోలా ఉంటుంది. మందులు, ఆటలు, ఆహారం విషయంలో మీ పిల్లలకు చికిత్స చేస్తున్న డాక్టర్ సలహానే పాటించండి.)